ఇస్త్రీపెట్టె కొనేముందు అడుగు చూడాలి

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నీ షోకేసులో పెట్టుకోవడానికి, పాతదని చెబితే కొందామనుకుంటున్న బొగ్గుల ఇస్త్రీపెట్టె ఫొటోలు పంపావు కదా, పెద్దవి చేసి చూశాను, మీ అమ్మకీ చూపించాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. ఆ ఇత్తడి ఇస్త్రీపెట్టెకి మాత్రం అడ్వాన్సు ఇవ్వకు.

ముందు గొళ్ళెం మీద కోడిపుంజు ముచ్చటగానే ఉంది. ఆ పుంజు ఇండోనేషియా బొగ్గుల పెట్టెలకి పెట్టింది పేరు. దాన్ని పట్టుకుని ఎత్తితే మూత తెరుచుకుంటుంది, చెయ్యి కాలదు. కానీ పక్కన గాలి కన్నాల అంచులు చూడు. పోత పోసినప్పటి గరుకు అలాగే ఉంది. ఏళ్ళ తరబడి నిప్పులు వేసి, బూడిద దులిపి, గుడ్డతో తుడిచి వాడిన పెట్టెకి ఆ అంచులు నున్నబడిపోతాయి. మూత బందుకి ప్లస్ స్క్రూలు బిగించారు. ఆ రకం స్క్రూకి పేటెంటు వచ్చిందే 1936లో. మరమ్మతు చేసినప్పుడు మార్చారేమో అనుకుందామన్నా అన్నీ ఒకే మెరుపుతో ఉన్నాయి. అన్నిటికంటే నాకు నచ్చనిది, ఒక్క ఫొటోలోనూ అడుగు చూపించకపోవడం.

పెట్టెకి అడుగే ప్రాణం. చేతిలోకి తీసుకుని తిరగేసి, అరచేత్తో నెమ్మదిగా రాసి చూడు. పనిచేసిన పెట్టెకి ముక్కు అంచు కాస్త అరిగి గుండ్రబడి ఉంటుంది. కాలరు మూలల్లోకి, బొత్తాల మధ్యకి దూరేది ఆ ముక్కే కదా. మిగతా అడుగులో ఎక్కడా చేతికి గరుకు తగలదు. అలంకారానికి పోసినవాటి అడుగున ఇసక అచ్చు తెలిసిపోతుంది. దాంతో నూలు చీర ఇస్త్రీ చేస్తే పోగులు లేచిపోతాయి.

పర్సులో చిన్న అయస్కాంతం ఒకటి పెట్టుకో. ఇత్తడికి అది అంటదు. అంటిందంటే ఇనుము మీద పూత పూశారన్నమాట. పిడి చెక్క అరచెయ్యి ఆనేచోట సన్నబడి, చెమటకి నల్లబడి ఉండాలి. లోపల మసి కనబడగానే నమ్మేయకు. మసి ఒక్క పూటలో పట్టించొచ్చు, బందు చీల అరగాలంటే మాత్రం ఏళ్ళు పట్టాలి. మూత పట్టుకుని అటూ ఇటూ కదిపి చూస్తే నీకే తెలుస్తుంది.

కొత్తవి పోసేవాళ్ళని నేను తప్పుపట్టను. మొరాదాబాద్‌లో అయినా, మన తణుకు దగ్గర అజ్జరంలో అయినా ఇత్తడి పనివాళ్ళ చేతిలో విద్య ఉంది. నా దగ్గరున్న ఇత్తడి పెట్టెకి బందు ఊడిపోతే అజ్జరం కంచరి ఒకాయనే చూసిపెట్టాడు. కొత్త చీల వేసి, అది కొత్తదని తెలిసేలాగే వదిలేశాడు. పాతదానిలో కలిసిపోయేలా చెయ్యనా అని అడిగితే నేనే వద్దన్నాను. కొత్త వస్తువుని పాతదని అమ్మడం దగ్గరే నాకు పేచీ.

ఇవన్నీ ఎందుకు పోగేస్తావు నాన్నా అని చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నావు. కుట్టుపనిలో సగం పని ఇస్త్రీదేనమ్మా. కుట్టు పడగానే అతుకు విడదీసి, తడిగుడ్డ వేసి నొక్కకపోతే కోటు భుజం ఎన్నటికీ కూర్చోదు. మా గురువుగారి షాపులో పొద్దున్నే నా మొదటి పని బొగ్గులు రాజెయ్యడం. పొయ్యిలోంచి తెచ్చిన నిప్పులు అడుగున వేసి, వాటి మీద తుమ్మబొగ్గు చిన్న ముక్కలు పేర్చి, విసనకర్రతో విసిరేవాణ్ణి. పొగంతా పోయి బొగ్గు మీద తెల్లటి నుసి పట్టాకే మూత వెయ్యాలి. తొందరపడి మూసేస్తే బట్టకి పొగ వాసన పట్టేస్తుంది. ఆ తర్వాత అరుగు మీదకి వచ్చి పెట్టెని ముందుకీ వెనక్కీ ఊపాలి. కన్నాల్లోంచి గాలి దూరి బొగ్గు ఎర్రబడుతుంది, వదులుగా ఉన్న బూడిద బట్టల మీద పడకుండా బయటే రాలిపోతుంది.

లోపల కన్నాల రేకు ఒకటి ఉంటుంది. బొగ్గు దాని మీద కూర్చుంటుంది, బూడిద కిందికి దిగుతుంది, నిప్పుకి కింద నుంచి గాలి అందుతుంది. చాలా పాత పెట్టెల్లో ఆ రేకు కాలిపోయి ఎప్పుడో పోయి ఉంటుంది. రేకుతో సహా దొరికితే మాత్రం వదలకు.

వేడి చూడటానికి తడి వేళ్ళతో అడుగు మీద చుక్క నీళ్ళు విదిలించేవాళ్ళం. చుయ్‌మని ఆవిరైతే నూలుకి సరిపోయినట్టు. చుక్కలు పూసల్లా దొర్లి జారిపోతే మరీ కాగిపోయినట్టు. టెరికాట్ రోజులు వచ్చాక ఆ చుక్క నీళ్ళే మమ్మల్ని కాపాడాయి. ఆ గుడ్డలో పాలియెస్టర్ కలుస్తుంది కాబట్టి నూలులా వేడికి ఓర్చుకోదు, కరిగి అడుక్కి అతుక్కుంటుంది. అప్పుడు పైన తడి మల్లుగుడ్డ పరిచి చేసేవాళ్ళం. అడుగు సాఫీగా జరగకపోతే అరటాకు ముక్క మీద రుద్దేవాళ్ళం. పెట్టె ఆరేడు కిలోలు తూగేది. అడుగు మందంగా ఉంటేనే వేడి నిలుస్తుంది, బరువుంటేనే మడత కూర్చుంటుంది.

నిప్పులతో బట్టలు సాపు చెయ్యడం చాలా పాత పద్ధతి. బోస్టన్‌లోని ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో 12వ శతాబ్దపు చైనా పట్టుచిత్రం ఒకటుంది, హుయిజోంగ్ చక్రవర్తి గీసిందంటారు. కొత్తగా నేసిన పట్టుని ఇద్దరు స్త్రీలు చెరో కొస పట్టి లాగుతుంటే, ఇంకొకామె నిప్పులు నింపిన మూకుడు లాంటి దాన్ని దాని మీద నడుపుతుంటుంది. పట్టు కిందికి ఒక చిన్నపిల్ల దూరి చూస్తుంటుంది. నెట్‌లో దొరుకుతుంది, తప్పకుండా చూడు. ఆ పిల్లని చూస్తే నాకు నువ్వే గుర్తొస్తావు. పెట్టె పడుతుందేమో అని నిన్ను కటింగ్ బల్ల కింద నుంచి ఎన్నిసార్లు లాగానో.

అమెరికాలో పొయ్యి మీద కాచే ఇనప దిమ్మలే ఎక్కువ. 1871లో అయోవా రాష్ట్రంలోని అటమ్వా ఊరి మేరీ ఫ్లోరెన్స్ పాట్స్ ఊడదీసే చెక్కపిడికి పేటెంటు తీసుకుంది. ఒక దిమ్మ చల్లారితే దాన్ని పొయ్యి మీద వదిలేసి, అదే పిడిని కాగిన దిమ్మకి తగిలించుకోవడమే. ఇంటిపని చేసినవాళ్ళకే తట్టే ఆలోచన అది. కరెంటు పెట్టెకి న్యూయార్క్‌లో హెన్రీ సీలీ పేటెంటు పొందింది 1882లో. మన ఊళ్ళలో బొగ్గుల పెట్టె ఆ తర్వాత ఇంకో నూరేళ్ళు దాటి బతికింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో, పెళ్ళిళ్ళ సీజన్లో, బొగ్గునే నమ్ముకోవాలి మరి.

నా బీరువాలో ఉన్నవాటిలో నాకు ప్రాణమైనది ఏదో నీకు తెలుసు. ఇస్త్రీ తాత పెట్టె. వేపచెట్టు కింద తోపుడుబండి మీద మన వీధి బట్టలన్నీ నిగనిగలాడించిన పెట్టె అది. ఇత్తడి కాదు, కోడిపుంజూ లేదు. పోత ఇనుము. ఎడమ పక్క పగిలితే రేకు ముక్క పెట్టి మూడు రివెట్లు కొట్టించాడు. పిడి చీలితే రాగితీగ దగ్గరగా చుట్టాడు. ఆ తీగ ఇప్పుడు చెక్కలోకి కూరుకుపోయి, చేత్తో తడిమినా తేడా తెలియదు. పిడి అడుగున కత్తిమొనతో గీసిన గుర్తు ఒకటుంది. బట్టలు కలిసిపోకుండా నల్లజీడి రసంతో ఇంటింటికీ ఒక గుర్తు వేసేవాడు కదా, అలాగే తన ఇంటికి కూడా ఒకటి పెట్టుకున్నాడు. మన దుప్పట్ల మూలల్లో రెండు చుక్కలు, ఒక గీత ఇప్పటికీ ఉన్నాయి. ఎన్ని ఉతుకులైనా ఆ మరక పోదు.

వాళ్ళబ్బాయి గ్యాస్ పెట్టె కొన్నాక తాత దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే ఒప్పుకోలేదు. వాళ్ళ మనవడి పెళ్ళికి సూటు నేనే కుట్టి ఇచ్చాను. పాత సామాన్ల కొట్టుకి తీసుకెళితే ఆ పెట్టెకి తూకం ధర కట్టి చేతిలో పెడతారు. అది ఎవరి చేతిలో పనిచేసిందో నాకు తెలుసు కాబట్టి నాకు దాన్ని మించింది లేదు. నువ్వు కొనేటప్పుడు కూడా ఇదే చూడాలని నా కోరిక. ఏ ఇంటిది, ఏ ఊరి షాపుది, ఎవరు వాడారు అని అడుగు. తెలిసినంత చీటీ మీద రాసి పిడికి కట్టు. అందం కొంచెం తక్కువైనా ఫర్వాలేదు.

నువ్వు పుణెలోనే ఉన్నావు కాబట్టి ఒక ఆదివారం రాజా దినకర్ కేల్కర్ మ్యూజియానికి వెళ్ళిరా. దినకర్ కేల్కర్‌గారు దీపాలు, అడకత్తెరలు, తాళాలు, వంటింటి సామాను, అలా మామూలు ఇళ్ళలో చేతులు పడ్డ వస్తువులు జీవితాంతం పోగేశారు. ఏడేళ్ళకే పోయిన కొడుకు రాజా పేరు దానికి పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి వచ్చాక నీ షోకేసులో ఏం పెట్టాలో నీకే తోస్తుంది. కొనడానికైతే బుధ, ఆదివారాల్లో జరిగే పాత సామాన్ల సంత జునా బజార్ చూడు. ఇక్కడ హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్ కూడా అలాంటిదే, గురువారం పొద్దున్నే వెళ్ళాలి.

ఇంకో మాట. అల్లుడుగారు సరదాగా బాల్కనీలో బొగ్గులు వేసి చూద్దామన్నారట. గాజు తలుపులు మూసిన చోట వద్దే వద్దు. కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కళ్ళు మండవు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. డాబా మీద అయితే సరే. నాకు బొగ్గు పెట్టెలంటే ఇష్టమే కానీ, రోజంతా ఆ సెగ దగ్గర నిలబడే బతుకు ఇంకెవరికీ వద్దు. తాత దగ్గు నీకూ గుర్తుండే ఉంటుంది. అందుకే తిరువణ్ణామలై అమ్మాయి వినీషా ఉమాశంకర్ సౌరశక్తితో నడిచే ఇస్త్రీబండి రూపొందించి 2021లో పర్యావరణానికి మేలు చేసేవాళ్ళకిచ్చే ఎర్త్‌షాట్ బహుమతి ఫైనల్ దాకా వెళ్ళిందని చదివినప్పుడు, ఆ పేపరు కటింగ్ తీసి బీరువా తలుపుకి అంటించాను. తెలంగాణలో అదే ఏడాది ఏప్రిల్ నుంచి లాండ్రీలకి నెలకి 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేశారు. అదీ నాకు సంతోషమే. పెట్టెలు నా బీరువాలో ఉండాలి, మనుషులు సెగకి దూరంగా ఉండాలి.

కొన్నాక చింతపండు పెట్టి తోమకు, అమ్మకీ అదే చెప్పాను. మెరుపు వస్తుంది కానీ ఏళ్ళ రంగు పోతుంది. పొడిగుడ్డ చాలు. ఇనప పెట్టెకి బందు బిగుసుకుంటే రెండు చుక్కలు కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలెయ్. తుప్పు పట్టకుండా కొబ్బరినూనె పలచగా రాయి. అడుక్కి గరుకు కాగితం తగలనివ్వకు. వార్నిష్ అసలే వద్దు.

పండగ వెళ్ళాక నేనూ అమ్మా వస్తాం. తాత పెట్టె తేలేను, అది ఈ వీధి దాటితే వాళ్ళ మనవడు బాధపడతాడు. మా గురువుగారి షాపు పెట్టె నీకోసం తెస్తున్నాను. రేకుతో సహా ఉంది, ఎవరి దగ్గర ఎప్పుడు ఉందో చీటీలో అంతా రాశాను. బరువు కాబట్టి రైల్లోనే వస్తాం, స్టేషన్‌కి అల్లుడుగార్ని రమ్మను.

మీ నాన్న