రాత్రి డ్యూటీ వారికి: ఒకవైపే మాట వినిపిస్తే

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి రెండు గంటలకు జర్మనీ ఆఫీసు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇంటర్నెట్ ఫోను మోగుతోంది, ఎత్తుతున్నారు, మన మాట వాళ్లకు వినిపిస్తోంది. వాళ్ల మాట మాత్రం మనకు రావడం లేదు. తిరుపతిలో కూర్చుని గంటన్నర సేపు హెడ్‌సెట్లు మార్పించాం. అంతా దండగ.

ఇంటర్నెట్ ఫోనులో కాల్ కలిపే పద్ధతి సిప్ వేరు, మాటను మోసే పద్ధతి ఆర్‌టీపీ వేరు. మన ఊరి లెక్కలో చెప్పాలంటే, దర్శనం టికెట్టు చేతిలో ఉన్నంత మాత్రాన క్యూ కదలదు. నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో సిప్ వాడే 5060 పోర్టు, అంటే దాని ద్వారం, తెరిచే ఉంది. ఆర్‌టీపీ మాట వచ్చే యూడీపీ రకం పోర్టులను మొన్నటి మార్పుల్లో ఎవరో మూసేశారు, మనకు ఒక్క ముక్క చెప్పలేదు.

ఇకనుంచి ఇలా జరిగితే ముందు ప్యాకెట్ క్యాప్చర్ (నెట్‌వర్క్‌లో వచ్చిపోయే డేటా ముక్కల రికార్డు) తీసి, రెండు వైపులా ఆర్‌టీపీ నడుస్తోందో లేదో చూడండి. మాట తెగుతుంటే అది వేరే జబ్బు. జిట్టర్ (ప్యాకెట్లు ఎగుడుదిగుడుగా చేరడం), ప్యాకెట్ నష్టం చూడాలి. ఆలస్యం ఒకవైపు 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి సిఫారసు జీ.114 చెబుతుంది. అమెరికా కాల్స్‌లో దూరమే అందులో చాలా భాగం తినేస్తుంది, దానికి నెట్‌వర్క్ వాళ్లను తిట్టకండి.

ఫిర్యాదు టికెట్‌లో కాల్ సమయం ఐఎస్‌టీనా (మన దేశ సమయం), యూటీసీనా (ప్రపంచ ప్రామాణిక సమయం) తప్పక రాయండి. అది రాయక నిన్న ఐదున్నర గంటల తేడాతో లాగ్‌లు (సిస్టమ్ రికార్డులు) వెతికాను.