పోలీసు ఇళ్ల గోడు వినండి

సంపాదకునికి,

మా ఆయన హెడ్ కానిస్టేబుల్. బందోబస్తు పడితే ఎప్పుడు తింటారో, ఎప్పుడు పడుకుంటారో ఆయనకే తెలియదు. నలభై దాటగానే బీపీ, షుగర్ రెండూ వచ్చాయి. పెద్ద జబ్బు చేస్తే ఆరోగ్య భద్రత పథకం ఉందన్న ధైర్యం ఉంది. మరి టెన్షన్‌కు, నిద్ర పట్టకపోవడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలి? కౌన్సెలింగ్‌కు వెళ్తే పైవాళ్లకు తెలిసిపోతుందని ఆయన భయం. శాఖతో సంబంధం లేని సైకాలజిస్టును జిల్లాకొకరినైనా పెట్టి, పేరు బయటికి పొక్కదని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. మమ్మల్నీ, పిల్లల్నీ కూడా చూడాలి. ఆ కోపం, ఆ మౌనం ఇంట్లో భరించేది మేమే కదా! 2019లో రాష్ట్రంలో మొదలుపెట్టిన వీక్లీ ఆఫ్ ఆయనకు నెలకు ఒక్కటి దొరికినా పండగే. ముందు దాన్ని సక్రమంగా ఇప్పించండి.

– ఒక హెడ్ కానిస్టేబుల్ భార్య, గుంటూరు జిల్లా