చెల్లెను మంచానికి కట్టెయ్యకు

దోస్తూ,

మొన్న ఫోన్ల నువ్వు మాట్లాడినంత సేపు ఊ కొడుతనే ఉన్నగని, పెట్టేసినంక రాత్రంత నిద్ర పట్టలే. చెల్లెకు ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల బీమారి) అని తేలిందనే కాదు నా రంధి. "ఎవ్వరం ఆమెను లేవనిస్తలేం, చెంబెడు నీళ్లు గూడ మేమే అందిస్తున్నం" అన్నవు సూడు, ఆడ గుండె కలుక్కుమన్నది. ప్రేమతోనే చేస్తున్నరు, నాకెర్కే. మా అమ్మ గూడ నన్ను ఆర్నెల్లు మంచం దిగనియ్యలే. లేచి నిలబడేసరికి తొడల కండంత కరిగిపోయింది. అది ఎమ్మెస్ చేసింది కాదు, పండుకునుడు చేసింది.

ఈ బీమారిల నరాల మీది పొర, మైలిన్ అంటరు, అక్కడక్కడ పాడైతది. గండి పడ్డ కాలువల నీళ్లు చివరి మడికి అందనట్టు, మెదడు చెప్పిన మాట పాదానికి సక్కగ అందది. గడపకు బొటనవేలు తగుల్తది, చెప్పు జారుతది. అలసట గూడ నాటేసొచ్చినప్పటి అలసట కాదు, పొద్దుగాల లేస్తనే ఉంటది. చెల్లె "చాతనైతలేదు" అంటే నమ్ము. బద్ధకమనే మాట ఇంట్ల ఎవ్వల నోట రానియ్యకు.

ఒకప్పుడు డాక్టర్లే కసరత్తు వద్దనేటోళ్లు. 1996ల అమెరికాల, యూటాల, ఎమ్మెస్ ఉన్నోళ్లతోని 15 వారాలు చేతులు, కాళ్లు ఆడించే సైకిల్ మిషన్ మీద కసరత్తు చేయిస్తే దమ్ము పెరిగింది, బలం పెరిగింది. ఆ తర్వాత జరిగిన పరీక్షలన్ని కలిపి సూసినా అలసట కొంత తగ్గుతదనే తేలింది, బీమారి మళ్ల తిరగబెట్టుడు ఎక్కువైతదని తేలలే. బీమారే పోతదని చెప్తలేను. 2013ల కెనడావాళ్లు పెట్టిన కొలత ఇది: నడవగలిగేటోళ్లు వారానికి 2 సార్లు 30 నిమిషాల ఓ మోస్తరు కసరత్తు, 2 సార్లు కండ బలానికి. మోస్తరు అంటే మాట్లాడొస్తది, పాట పాడరాదు. గదే లెక్క.

చెల్లెతోని 30 నిమిషాలు ఇప్పుడే మొదలుపెట్టియ్యకు. నేను 5 నిమిషాలతోనే మొదలుపెట్టిన. కుర్చీలకెళ్లి చేతులు ఆనించకుండ లేచుడు, కూసునుడు. వంటింటి గట్టు పట్టుకొని మడమలు లేపుడు. ఫిజియోథెరపీ మేడం ఒకసారి కళ్లార సూసి చెప్పినంకనే పెంచాలె. హాల్ల 25 అడుగులకు సుద్దతోని రెండు గీతలు గీసి, నెలకోసారి ఈ గీతకెళ్లి ఆ గీత దాక నడిచేందుకు ఎన్ని సెకన్లు పడ్తదో రాసిపెట్టు.

ఎండ సంగతి మాత్రం బాగ గుర్తుపెట్టుకో. మొదటి ఏడాది మే నెలల, తొమ్మిది గంటలకు భద్రకాళి చెరువు కట్ట మీదికి పోయిన. సగం దూరంల కాళ్లు కట్టెలైనయ్, కండ్లు మసకబారినయ్. పల్లీలమ్మే పెద్దమ్మ తన గొడుగు కింద కూసోబెట్టి మెడ మీద నీళ్లు పోసింది. బీమారి మళ్ల మీదవడ్డదని ఏడ్చిన. గంటల మామూలైంది. పెయ్యిల వేడి అర డిగ్రీ పెరిగినా దెబ్బతిన్న నరం మాట మోయలేదట. ఉట్‌హోఫ్ అనే జర్మన్ కండ్ల డాక్టర్ 1890లనే దీన్ని రాసిపెట్టిండు. సల్లబడితే తగ్గేది వేడి పని. కొత్తగ వచ్చిన తిమ్మిరో, మసకో 24 గంటలు దాటినా పోకుంటే, జ్వరం ఉందేమో సూసి డాక్టర్ దగ్గరికి తోల్కపో. ఇప్పుడు నేను తెల్లారకముందే కట్ట మీద ఉంట, మెడకు తడి తువ్వాల ఉంటది. తిరిగి రావుడు గూడ ఉంటదని సగం బలం మిగిలినప్పుడే మర్లుత.

నిద్ర, రక్తం, థైరాయిడ్ గూడ ఒకసారి సూపియ్యి. వాటితోని వచ్చే అలసట ఎమ్మెస్ ఖాతాల పడొద్దు.

ఈసారి బతుకమ్మకు సుట్టు తిరగలేనని చెల్లె అన్నదంటివి గదా. రెండు సుట్లు తిరిగి కూసుంటది, మళ్ల లేస్తది, ఎవ్వలేమంటరు? సద్దుల నాటికి ఇద్దర్ని హన్మకొండకు తోలుకొచ్చే పూచీ నాది. అప్పటిదాక ఒక్క పని చెయ్యి: మీ గడపకాడ మడతలు పడే గోనె పట్టా ఉంది సూడు, అది ఇయ్యాల్నే తీసి పారెయ్.

నీ దోస్తు