నాచు రసం సీసా మీద ఏముందో రాయాలి

సంపాదకులకు,

కూరగాయల నారు పెంచడం నా పని. ఈ మధ్య నారు కోసం వచ్చే ప్రతి ఒక్కరూ సూక్ష్మ నాచు రసం వాడుతున్నావా అని అడుగుతున్నారు. వాడుతున్నాను. కానీ అది ఎరువు కాదు. నత్రజని చాలక పసుపెక్కిన మొక్కను పచ్చబరచడం దాని వల్ల కాదు. క్లోరెల్లా, స్పైరులినా లాంటి నాచుల కణాలను పగలగొట్టి తీసిన రసంలో అమైనో ఆమ్లాలు, మొక్క పెరుగుదలను నడిపే హార్మోన్లయిన ఆక్సిన్, సైటోకైనిన్ తరహా పదార్థాలు కొద్దిగా ఉంటాయి. మోతాదు కుదిరితే వేర్లు ఒత్తుగా వస్తాయి, నాటాక మొక్క త్వరగా తేరుకుంటుంది.

కుదరకపోతే? మొదటిసారి ఆశకు పోయి, చెప్పినదానికి మూడింతలు కలిపి టమాటా మొలకలకు పోశాను. వేర్లు పొట్టిగా ఆగిపోయాయి. ఆక్సిన్ ఎక్కువైతే వేరు సాగదని ఆ తర్వాత తెలిసింది. రెండు ట్రేలు పారబోశాను. (వాసన సంగతి వేరే చెప్పాలా, చేపల చెరువు గట్టున కూర్చున్నట్టే!)

అప్పటినుంచి ప్రతిసారీ ఒక ట్రేకి ఉత్త నీళ్లే పోస్తున్నాను. విత్తనం, కొబ్బరి పొట్టు, నీడ అన్నీ ఒకటే. మూడు వారాలకు వేర్లు కడిగి పక్కపక్కన పెట్టి చూస్తాను. మిరపలో తేడా కనిపించింది, వంగలో ఏమీ లేదు.

నా గొడవల్లా సీసాలతోనే. ఏ నాచు, ఎంత శాతం, ఎప్పుడు తయారైంది అన్నవి చాలా వాటి మీద ఉండవు. 'అద్భుత వృద్ధి' అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ మూడూ రాయమని అమ్మేవాళ్లను అడగండి.

– ఒక నర్సరీ రైతు