తూటాకూ యుద్ధానికీ మధ్య 37 రోజులు

సంపాదకులవారికి నమస్కారం.

దేశాల మధ్య ఎక్కడ ఘర్షణ రేగినా "మూడో ప్రపంచ యుద్ధం ముంగిట్లో ఉన్నామా?" అని శీర్షిక పెట్టడం, దాని కింద "1914లోనూ ఒక్క తూటాతోనే అంతా మొదలైంది" అని ఒక వాక్యం చేర్చడం మన పత్రికలకు అలవాటైపోయింది. మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసమూ ఆ బాటనే పట్టింది. చాలాకాలం ఇంటర్మీడియట్ విద్యార్థులకు చరిత్ర చెప్పినవాణ్ణి కనుక ఈ వాక్యం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. "మొదటి ప్రపంచ యుద్ధానికి తక్షణ కారణమేమి?" అన్న రెండు మార్కుల ప్రశ్నకు అది జవాబు. మార్కుల వరకు ఇబ్బంది లేదు గానీ, దాన్నే నేటి అంతర్జాతీయ పరిణామాలకు కొలబద్దగా పట్టుకుంటే పాఠకులకు అసలు విషయం అందకుండా పోతుంది.

1914 జూన్ 28న బోస్నియా రాజధాని సారాయెవోలో ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, ఆయన భార్య సోఫీని గావ్రిలో ప్రిన్సిప్ అనే 19 ఏళ్ల బోస్నియా సెర్బు యువకుడు కాల్చి చంపాడు. హత్య వెనుక పొరుగునున్న సెర్బియా హస్తం ఉందంటూ ఆ దేశం మీద ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది జులై 28న; బ్రిటన్ రంగంలోకి దిగింది ఆగస్టు 4న. అంటే ఆ హత్యకూ, ఐరోపా అగ్రరాజ్యాలు యుద్ధంలో కూరుకుపోవడానికీ మధ్య 37 రోజులు గడిచాయి. ఆ రోజుల్లో ఏం జరిగిందో చెప్పకుండా దాటవేస్తే యుద్ధమేదో పిడుగులా వచ్చి పడిందన్న భావన మిగులుతుంది. నిర్ణయాలు తీసుకున్న మనుషులు, వారు పెట్టిన సంతకాలు తెరమరుగవుతాయి.

హత్య జరిగిన వారానికే, జులై 5న, ఆస్ట్రియా ఏ చర్య తీసుకున్నా వెన్నంటి ఉంటామని జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ అభయమిచ్చాడు. అయినా ఆస్ట్రియా వెంటనే కదలలేదు. యుద్ధానికి విముఖంగా ఉన్న హంగరీ ప్రధాని టిసాను ఒప్పించాల్సి వచ్చింది. సైనికుల్లో చాలామంది కోతల కోసం సెలవు మీద ఊళ్లకు వెళ్లి ఉన్నారు. పైగా ఫ్రాన్స్ అధ్యక్షుడు పోయింకారే రష్యా పర్యటన ముగించుకొని ఓడ ఎక్కేదాకా ఆగితే ఆ రెండు మిత్రదేశాలు ముఖాముఖి సంప్రదించుకునే వీలుండదని లెక్క వేసుకున్నారు. ఆ ప్రకారమే ఆయన బయలుదేరే రోజు చూసి, జులై 23 సాయంత్రం, 48 గంటల గడువుతో సెర్బియాకు అల్టిమేటం అందించారు. శోకంతోనో పట్టరాని ఆగ్రహంతోనో ఊగిపోయేవారు ఇంత తీరిగ్గా ముహూర్తం చూసుకోరు.

సెర్బియా దాదాపు అన్ని షరతులకూ తలొగ్గింది. తన గడ్డ మీద జరిగే విచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొనడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ జవాబు చదివాక, ఇక యుద్ధానికి కారణమే లేదని జులై 28న విల్‌హెల్మ్ స్వయంగా రాసుకున్నాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. మర్నాడు, సెర్బియాకు అండగా నిలిచిన రష్యా చక్రవర్తి (జార్) నికొలాస్ పూర్తిస్థాయి సైన్య సమీకరణకు ఉత్తర్వు ఇచ్చి, బంధువైన విల్‌హెల్మ్ నుంచి తంతి రావడంతో ఆ రాత్రే దాన్ని రద్దు చేసి, సేనానుల ఒత్తిడికి లొంగి 30న మళ్లీ జారీ చేశాడు. ఇక జర్మన్ సైన్యం దగ్గరున్నది ఒక్కటే పథకం: ముందు బెల్జియం మీదుగా వెళ్లి ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను పడగొట్టాలి, తర్వాత రష్యా వైపు తిరగాలి. ఫ్రాన్స్ జోలికి పోకుండా సైన్యాన్నంతా తూర్పుకు మళ్లించమని ఆగస్టు 1న చక్రవర్తి అడిగితే, లక్షల మందిని తరలించే ఏర్పాట్లను అప్పటికప్పుడు మార్చడం కుదరదని సేనాధిపతి మోల్ట్‌కే తేల్చి చెప్పాడు. వెనక్కి తగ్గే వీలే లేకుండా యుద్ధ పథకం రాసిపెట్టుకున్న ఆ పద్ధతి, నా దృష్టిలో, ప్రిన్సిప్ పిస్తోలు కన్నా ప్రమాదకరమైనది.

కూటములే అందరినీ లాక్కెళ్లాయన్న రెండో వాదాన్ని కూడా మీ వ్యాసం ప్రశ్నించకుండా స్వీకరించింది. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో త్రైపాక్షిక ఒప్పందంలో ఉన్న ఇటలీ 1914లో తటస్థంగా నిలిచి, 1915లో ఆస్ట్రియా మీదే యుద్ధానికి దిగిన సంగతి గుర్తు చేసుకుంటే ఆ వాదం ఎంత బలహీనమో అర్థమవుతుంది. నౌకాబల పోటీ, వలసల తగాదాలు, బాల్కన్ వైరాలు లేవని నేననడం లేదు. అవే వైరాలు 1908లో ఆస్ట్రియా బోస్నియాను విలీనం చేసుకున్నప్పుడు, 1911లో మొరాకో సంక్షోభమప్పుడు, 1912-13 బాల్కన్ యుద్ధాలప్పుడు కూడా ఉన్నాయి; అయినా ఆ మూడుసార్లూ మహాయుద్ధం రాలేదు.

యుద్ధం నడిచిన తీరు అందరూ ఎరిగినదే. ఆరు వారాల పథకం 1914 సెప్టెంబరులో మార్న్ నది దగ్గర చెదిరిపోయింది. ఆ తర్వాత మూడేళ్లకు పైగా పశ్చిమ రంగంలో ఇరుపక్షాలూ కందకాల్లో కూరుకుపోయాయి. 1916 జులై 1న సొమ్ వద్ద బ్రిటిష్ సైన్యంలో ఒక్కరోజే 19 వేల మందికి పైగా మరణించారు. 1917లో రష్యాలో విప్లవం వచ్చింది, అమెరికా యుద్ధంలోకి వచ్చింది. 1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి.

మనవాళ్ల ప్రస్తావన మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేకపోవడం నన్ను ఎక్కువగా బాధించింది. భారతదేశం యుద్ధంలో ఉన్నట్టు వైస్రాయ్ హార్డింజ్ ప్రకటించినప్పుడు ఈ దేశ ప్రజల అభిప్రాయం ఎవరూ అడగలేదు. సైనికులూ కూలీలూ కలిపి దాదాపు 13 లక్షల మందిని సముద్రాలు దాటించారు. 74 వేల మందికి పైగా తిరిగి రాలేదు. అలా సముద్రాలు దాటినవారిలో ఎక్కువమందిని పంపింది ఫ్రాన్స్‌కు కాదు, నేటి ఇరాక్ అయిన మెసొపొటేమియాకు. అక్కడ కూత్ పట్టణంలో నెలల తరబడి ముట్టడిలో ఆకలికి మాడిన సైన్యం 1916 ఏప్రిల్‌లో లొంగిపోయింది. 1917లో యుద్ధ ఖర్చు కింద భారత ఖజానా నుంచి 10 కోట్ల పౌండ్లు "కానుక"గా వెళ్లాయి. నిజాం సొమ్ముతో కొన్న విమానాలు నడిపిన బ్రిటిష్ వాయుసేన దళం హైదరాబాద్ పేరునే ధరించింది. సినాయ్, పాలస్తీనా రంగాల్లో పనిచేసిన హైదరాబాద్ అశ్వికదళానికి ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి గుర్తుగా నిలిచింది. మన కోస్తా, సీమ జిల్లాలకు అప్పటి రాజధాని అయిన మద్రాసు మీద 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెడితే, జనం మూటాముల్లె సర్దుకొని నగరం విడిచి పరుగుతీశారు.

పరిణామాల దగ్గరా ఇదే లోపం. జర్మనీ నష్టపరిహారం, హిట్లర్ రాక అన్న రెండు మాటలతో వ్యాసం ముగిసింది. సారాయెవో హత్యకు సరిగ్గా ఐదేళ్లకు, 1919 జూన్ 28న, వెర్సాయ్ సంధి మీద భారతదేశం తరఫున బికనీర్ మహారాజు గంగాసింగ్ కూడా సంతకం చేశారు. విజేతల వరుసలో కూర్చోబెట్టిన ఆ దేశానికే, అంతకు మూడు నెలల ముందు, విచారణ లేకుండా నిర్బంధించే రౌలట్ చట్టం దక్కింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ దక్కింది. ముస్లింలు ఖలీఫాగా గౌరవించే సుల్తాను ఏలిన, యుద్ధంలో ఓడిన ఒట్టోమాన్ (తురుష్క) సామ్రాజ్యాన్ని విజేతలు పంచుకోవడం మీద వచ్చిన ఆగ్రహమే ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమమైంది; అది సహాయ నిరాకరణతో కలిసింది; ఆ సహాయ నిరాకరణలో భాగంగానే 1922 మొదట్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు రైతులు శిస్తు కట్టబోమని భీష్మించారు. పశ్చిమాసియాలో గీసిన సరిహద్దులకూ మన పల్లెల శిస్తు పోరాటానికీ ఇంత దగ్గర బంధం ఉండగా, దాన్ని చూపకుండా తెలుగు పాఠకుడికి ఈ యుద్ధం గురించి చెప్పడమెందుకు? 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవు నుంచి దేశమంతటా పాకి, కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. యుద్ధంలో పోయిన భారతీయుల సంఖ్య దాని ముందు ఏపాటిది? ఈ మహమ్మారినీ యుద్ధ ఫలితాల్లో చేర్చాలా వద్దా అన్నది చరిత్రకారులు వాదించుకోవచ్చు. సైనికుల రాకపోకలే దాన్ని ఖండాలు దాటించాయన్నది మాత్రం కాదనలేనిది.

1914తో పోల్చవద్దని నేను కోరడం లేదు. పోల్చదలిస్తే ఎవరు ఎవరికి బేషరతు అభయమిచ్చారు, ఒప్పుకోలేని షరతులు ఎవరు పెట్టారు, ఏ సైన్యం వెనక్కి మళ్లే దారి లేని పథకంతో ఉంది, తమను అడగకుండానే ఏ ప్రజలను ఇందులోకి లాగుతున్నారు అన్న ప్రశ్నలతో పోల్చండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మీ అనుబంధాన్ని కత్తిరించి దాచుకుంటారు కనుక ఒక చిన్న విన్నపం: ఆస్ట్రియా పంపిన పది షరతులను, వాటికి సెర్బియా ఇచ్చిన జవాబును పక్కపక్కనే పెట్టి తెలుగులో ఒక పూర్తి పేజీ ప్రచురించగలరు.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తెనాలి