సంక్రాంతి దాకా కొత్త ఇటుక బుకింగులు తీసుకోను

మంగళగిరి, తాడికొండ వైపు మా దగ్గర ఇటుక, ఇసుక, సిమెంటు తీసుకునే వాళ్లందరికీ నమస్కారం.

మీ ఇటుక లోడ్లు ఎందుకు ఆగాయో కొందరికి ఫోన్లో చెప్పాను, మిగతావాళ్లకీ తెలియాలి. మీ కోసం బుక్ చేసిన ఇటుకను బట్టీ యజమాని ఎక్కువ రేటు వచ్చిందని ఒక పెద్ద కాంట్రాక్టరుకి తోలేశాడు. అడ్వాన్సు తీసుకున్నాడు, తేదీ కూడా తనే చెప్పాడు. అడిగితే "మార్కెట్ అలా ఉందండీ" అన్నాడు. 2019లో రాజధాని పనులు ఆగిపోయి, ఆ బట్టీలో ఇటుక కొనే దిక్కు లేనప్పుడు కూడా మేం మానకుండా తెచ్చుకున్నాం. ఆ మాట గుర్తు చేస్తే తల దించుకున్నాడు తప్ప ఇటుక పంపలేదు. ఇక రేటు తగ్గించినా సరే, ఆ బట్టీ వైపు వెళ్లను.

అదే సమయంలో ఇంకో కాంట్రాక్టరు నా దగ్గరికే వచ్చాడు. ఆర్నెల్ల సరుకంతా తనకే ఇవ్వాలి, డబ్బు ముందే ఇస్తానన్నాడు. లారీ కిస్తీలున్నాయి, ఒప్పుకోమని తమ్ముడు పోరు పెట్టాడు. చాలా టెన్షన్ పడ్డాను, నిద్ర పట్టలేదు. చివరికి వద్దన్నాను. పెద్ద పనులు ఆగిన ఆ ఏళ్లలో ఒక గదో, ప్రహరీగోడో కట్టుకుంటూ ఈ షాపును నిలబెట్టింది మీరు.

2025 మే 2న అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. అదే ఏడాది ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తనిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.5 శాతానికి దించింది; మన ఇంటి అప్పుల వడ్డీ చాలావరకు దాన్ని బట్టే మారుతుంది. సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి వచ్చింది. దేనికదే మంచిది. కానీ డబ్బు వచ్చినంత త్వరగా తాపీ మేస్త్రీ తయారు కాడు, వానల్లో బట్టీ నడవదు. సరుకు, మనుషులు పెరగకుండా పనులే పెరిగితే రేట్లు మండిపోతాయి. రెపో రేటు దేశమంతటికీ ఒకటే కాబట్టి, ఇక్కడ రేట్లు మండుతున్నాయని మన ఒక్క ప్రాంతానికి వడ్డీ పెంచరు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు 4 నుంచి 6.5కి పెంచినప్పుడు, పనుల్లేని ఊళ్లలోనూ ఈఎంఐలు పెరిగాయి. అందుకే ప్రభుత్వం పనులను విడతలుగా ఇవ్వాలని, ఒక విడత స్లాబుల దాకా వచ్చాకే తర్వాతి టెండర్లు పిలవాలని గట్టిగా నమ్ముతున్నాను. అది నా చేతిలో లేదు. ఒకేసారి ఎన్ని ఇళ్లకు సరుకు ఒప్పుకోవాలన్నది మాత్రం నా చేతిలోనే ఉంది.

కాబట్టి సంక్రాంతి దాకా కొత్త బుకింగులు లేవు, ఎంత దగ్గరివాళ్లు అడిగినా. ఉన్నవాటిలో పునాదులు పూర్తయిన ఇళ్లకు ముందు తోలతాం. బూడిద ఇటుక సరే అనుకుంటే వేరే చోటు నుంచి వెంటనే తెప్పిస్తాను. ఎర్ర ఇటుకే కావాలంటే కొత్త సీజను దాకా ఆగాలి. ఆగినవాళ్లకు స్లిప్పు మీద రాసిన రేటే, నాకు మిగిలినా మిగలకపోయినా. ఆగలేనివాళ్లు మొహమాటపడకుండా స్లిప్పు తీసుకుని రండి, అడ్వాన్సు అప్పటికప్పుడే ఇచ్చేస్తాను.