నాగపూర్ నారింజకి, బెజవాడ నుంచి

బెజవాడ,
ఆగస్టు మూడో వారం

ఒరేయ్ నారింజా,

ముందు తిట్టేసుకో. నీ ఉత్తరానికి జవాబు ఎన్నాళ్లు ఆలస్యమైందో నేను లెక్క చెప్పను, చెబితే ఇంకో రెండు ఎక్కువ తిడతావు. అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, వరలక్ష్మీ వ్రతం రోజు మాత్రం ఎటు పోయాయో గానీ బూరెలన్నీ తనే వండింది. చిన్నది తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. ఆటోనగర్‌లో పని మామూలే: బేరింగులు, బిల్లులు, జీఎస్టీ. కృష్ణకి నీళ్లొచ్చాయి, బ్యారేజీ గేట్లెత్తితే ఊరంతా ఫొటోలకి అక్కడే ఉంది. మీ బావగారు కనిపించారు, ఆ ఎర్ర చొక్కా ఇంకా వదల్లేదు. ఇంటి సంగతులు ఇంతే. ఇప్పుడు అసలు సంగతి విను.

ఈ నెల 7న మధ్యాహ్నం 12 గంటల 13 నిమిషాలకి మా డాబా మీద నీడ మాయమైంది.

నవ్వుతున్నావని తెలుసు. రెండో బెంచీ ఒప్పందం ప్రకారం ఉత్తరం చివరిదాకా చదవకుండా నవ్వకూడదు. నీడ పోవడం గొప్ప కాదు, అది ప్రకృతి పని. ఏ నిమిషానికి పోతుందో ముందు రోజు రాత్రే కాగితం మీద నేను లెక్క కట్టి పెట్టుకున్నా. నేను! సీఈసీ వాణ్ణి! సైన్ అంటే సంతకం అనుకునే గ్రూపు వాణ్ణి!

సరే, మొదటి నుంచి చెబుతా. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో లెక్కల పాఠాలు చూస్తున్నానని పోయినసారి రాశాను కదా. ఖాన్ అకాడమీలో త్రికోణమితి అడుగు నుంచి మొదలుపెట్టా. దానిలో నాకు నచ్చింది ఏంటంటే, నువ్వు ఎవరివి, నీ వయసెంత, ఏ గ్రూపు చదివావు అని అడగదు. తప్పు చేస్తే ఇంకో లెక్క ఇస్తుంది, అంతే. బొమ్మలతో లెక్కలు చెప్పే త్రీబ్లూవన్‌బ్రౌన్ అని యూట్యూబ్ ఛానెల్ ఒకటి ఉంది. గ్రాంట్ శాండర్సన్ అనే కుర్రాడు 2015లో మొదలుపెట్టాడు, ఆ కదిలే బొమ్మల కోసం సాఫ్ట్‌వేర్ కూడా తనే రాసుకున్నాడు. ఎంత అందంగా ఉంటాయంటే, చూస్తున్నంతసేపూ మనకి అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. అదే దాంతో చిక్కు. పున్నమి ఘాట్ మెట్ల మీద కూర్చుని ఈతగాళ్లని చూసి, మనకీ ఈత వచ్చేసిందనుకున్నట్టు. వీడియో ఆపి, పెన్సిల్ పట్టుకుని, అదే లెక్క మళ్లీ చేయబోతే చెయ్యి ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు నాకో నియమం. చిన్నదాని పాత నోట్సులో ఖాళీ పేజీలున్నాయి, చూసిన ప్రతిదీ వాటిలో నా చేత్తో చేయాల్సిందే. అమెరికాలోని ఎమ్ఐటీ యూనివర్సిటీ వాళ్లు తమ పాఠాలన్నీ ఉచితంగా పెట్టే పని 2001లో మొదలుపెట్టారట, వాటిలో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారని ఒక పెద్దాయన సుద్దముక్క తప్ప ఏమీ లేకుండా చెబుతాడు. ఆయన మాట నెమ్మది, మన తెలుగు మీడియం చెవులకి కూడా అందుతుంది. మిగతావాళ్లని వేగం తగ్గించి, కింద అక్షరాలు పెట్టుకుని చూడాల్సిందే. మన ఐఐటీల వాళ్ల ఎన్‌పీటెల్ పాఠాలు కూడా చూశా. సరుకు బోలెడుంది, కానీ రాత్రి పదింటికి నా చేత కాదు, నిద్ర... సరే, దాని గురించి మళ్లీ.

ఈ గొడవంతా స్టెల్లేరియం వల్ల వచ్చింది. ఆకాశాన్ని కంప్యూటర్లో చూపించే సాఫ్ట్‌వేర్ అది, డబ్బులక్కర్లేదు. ఊరు విజయవాడ అని పెట్టి, టైము మధ్యాహ్నం 12 పెడితే, సూర్యుడు ఇంకా మధ్య గీతకి (ఉత్తరం నుంచి దక్షిణానికి నడినెత్తి మీదుగా పోయే గీత) తూర్పున ఉన్నాడు. ముందుకి జరుపుతూ పోతే 12:13కి గానీ గీత మీదికి రాలేదు. మరి మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలంటే సూర్యుడు నడినెత్తిన ఉంటాడని చిన్నప్పటి నుంచీ చెప్పారే? ఈ 13 నిమిషాలు ఎవరు తినేశారు? ఒరేయ్, రోజూ వేల రూపాయల బిల్లుల్లో రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదిదాకా వెతికేవాణ్ణి, 13 నిమిషాల తేడా వదులుతానా?

సగం దొంగ తేలిగ్గానే దొరికాడు. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి. ఆ గీత మన ఆంధ్రా మీదుగానే పోతుంది. వైజాగ్ రైల్లో అన్నవరం దాటి తుని వచ్చేలోపు దాన్ని దాటేస్తాం. అవును, నువ్వు ప్రసాదం పొట్లం మీద కూర్చున్న ఆ చోటే! బెజవాడ 80.65 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. తేడా 1.85 డిగ్రీలు, అంటే దాదాపు 7 నిమిషాల 24 సెకన్లు. అక్కడి సూర్యుడు మన దగ్గరికి రావడానికి అంతసేపు. ఇది నేను దుకాణంలో బిల్లు వెనకాలే చేసేశా.

మిగతా ఐదున్నర నిమిషాలే నన్ను ఏడిపించాయి.

వాటికి కారణం సూర్యుడు గడియారంలా సమంగా నడవకపోవడం. రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి, నేను చాలా రాత్రులు రెంటినీ కలిపి కొట్టుకున్నా. ఒకటి, భూమి దారి సరైన గుండ్రం కాదు. జనవరి మొదట్లో సూర్యుడికి 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, జులై మొదట్లో 15.2 కోట్లు. దగ్గరున్నప్పుడు భూమి జోరుగా పోతుంది, దూరమైతే నెమ్మదిస్తుంది. రెండోది, భూమి 23.4 డిగ్రీలు వంగి ఉండటం. సూర్యుడి దారి ఆకాశంలో ఏటవాలుగా ఉంది కదా, మార్చిలో, సెప్టెంబరులో అతని నడకలో కొంత ఉత్తర దక్షిణాలకే ఖర్చయిపోతుంది, తూర్పుకి పోయేది తగ్గుతుంది. జూన్, డిసెంబరుల్లో మొత్తం తూర్పుకే. ఇది చదివితే అర్థం కాదురా, నాకూ కాలేదు. డెస్మాస్‌లో గీసి చూశాక అయింది.

డెస్మాస్ సంగతి నీకు చెప్పే తీరాలి. సమీకరణం టైపు చేస్తే గ్రాఫు గీసిపెడుతుంది, అంతే దాని పని. ఈ తేడాకి ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది, మూడు ముక్కలుగా ఉంటుంది, సైన్లు కొసైన్లు. మొత్తం పెడితే ఒక వంకర టింకర గీత వచ్చింది, నవంబరు మొదట్లో సూర్యుడు 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక. ఎందుకంత వంకరో తెలియలేదు. అప్పుడు ఒక్కో ముక్కనీ ఆపేసి చూశా. వంపు తాలూకు ముక్క ఒక్కటే ఉంచితే ఏడాదికి రెండుసార్లు లేచి పడే చక్కని అల. దూరం తాలూకువి మాత్రమే ఉంచితే ఏడాదికి ఒక్కటే పెద్ద అల. రెండూ కలిపితే ఆ వంకర గీత! అంత గీతలో వంకర ఎక్కడా లేదు, రెండు నున్నటి అలలే ఉన్నాయి. రాత్రి ఒంటిగంట అప్పుడు. పక్క గదిలో అమ్మ ‘ఎవర్రా మాట్లాడేది’ అంది. నేనే గట్టిగా ఏదో అన్నానట.

అక్కడ నుంచి బుర్రలో ఒకటే గోల, దీన్ని నిజంగా ఎండలో చూడాలని. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి రావడం ప్రతి మధ్యాహ్నం జరగదు, మన ఊళ్లో ఏడాదికి రెండుసార్లే. సూర్యుడు ఉత్తరానికి ఎన్ని డిగ్రీలు ఎక్కాడో, ఊరి అక్షాంశం కూడా అంతే అవ్వాలి. బెజవాడది 16.5. మే 6 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 6, 7 తేదీల్లో ఇంకోసారి. ఢిల్లీ వాళ్లకి ఎప్పుడూ రాదు, పాపం. నీ నాగపూర్‌కి మే నెలాఖర్లో ఒకటి, జులై మూడో వారంలో ఒకటి. రెండూ నువ్వు ఏసీ కింద కూర్చుని పోగొట్టుకున్నావు.

మే నెల ఎండైతే మబ్బు బాధ ఉండేది కాదు, అప్పటికి నాకీ లెక్కలు రాలేదు. ఆగస్టు అంటే వానలు. 6వ తేదీన పొద్దుటి నుంచి ముసురు, డాబా మీద గొడుగుతో నిలబడి కిందికి దిగొచ్చా. 7న దుకాణానికి సగంపూట సెలవు పెట్టా, ఏం కారణం చెప్పానో అడక్కు. సరిగ్గా మీటరు ఇనప రాడ్డు ఆటోనగర్‌లోనే కోయించా, అడుగున పలక వెల్డింగ్ చేయించా. నేల వాలు లేకుండా రసమట్టం పెట్టి చూశా, రాడ్డు నిటారుగా ఉందో లేదో దారానికి ఇనప గుండు కట్టి నాలుగు వైపులా చూశా. కింద తెల్లటి చార్టు. పెన్సిల్, ఫోను. నిమిషాల కోసం ఫోను టైమే, చేతి గడియారాన్ని నమ్మలేదు.

పదకొండున్నరకి ఎండ బాగానే ఉంది. నీడ కొసన చుక్క పెట్టుకుంటూ పోయా. ఇంతలో మా ఇంటి ఓనరమ్మగారు బట్టలు తీసుకోవడానికి పైకొచ్చారు.

‘ఏం నాయనా, వాస్తు చూస్తున్నావా?’
‘కాదండీ, నీడ కొలుస్తున్నా.’
‘గ్రహణమా ఇవాళ? చెప్పొద్దూ, రోకలి నిలబెట్టేదాన్ని కదా!’

గ్రహణం లేదండీ, రోకలి సరిగ్గా నిలబెడితే ఏ రోజైనా నిలబడుతుందండీ అని నోటిదాకా వచ్చింది. అద్దె గుర్తొచ్చి మింగేశా. కానీ చూడు, ఆవిడ వాస్తు అన్న మాట ఊరికే పోలేదు. మధ్యాహ్నానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీడ ఒకే పొడవుండే రెండు చుక్కలు గుర్తుపెట్టి కలిపితే అది అచ్చంగా తూర్పు పడమర గీత. దిక్సూచి అక్కర్లేదు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బ సూత్రాల కాలం నుంచీ శంకువు, అంటే నిటారు కర్ర, పాతి, చుట్టూ వలయం గీసి మనవాళ్లు దిక్కులు పట్టింది ఇలాగే. నేను చార్టు మీద చేస్తున్నది కూడా సరిగ్గా అదే పని, టైము కోసం. ఆవిడకి ఈ మాట చెప్పగానే బట్టలు పక్కన పెట్టి కూర్చున్నారు. ‘అయితే మన ఈశాన్యం ఎటొచ్చిందో చెప్పి వెళ్లు’ అన్నారు.

11:53కి నీడ పడమటి వైపు దాదాపు 8 సెంటీమీటర్లు. నిమిషానికి 4 మిల్లీమీటర్ల చొప్పున తరిగిపోతోంది, కళ్ల ముందే రా! ఎన్నడూ కదలదనుకునే నీడ ఇంత పరిగెత్తుతుందని నాకు తెలియదు. 12:02కి మబ్బు. నల్లటిది, ఇంద్రకీలాద్రి వైపు నుంచి. నాకు చెమటలు. నీకు ఫోన్ చేశా, నువ్వు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నీ చేత అప్పుడే అక్కడ రాడ్డు పట్టించేవాణ్ణి, అది వేరే సంగతి, కింద చెబుతా. 12:08, 12:09... ఓనరమ్మగారు నాకంటే ఎక్కువ టెన్షన్ పడుతున్నారు, ‘రా తండ్రీ రా’ అని సూర్యుణ్ణి పిలుస్తున్నారు.

12:11కి మబ్బు చీలింది. నీడ రాడ్డు మొదట్లో చిన్న మరకలా ఉంది. 12:12కి రాడ్డు అంచు దగ్గర. 12:13కి లేదు. ఎటు చూసినా లేదు. వంగి చూశా, ఓనరమ్మగారూ వంగి చూశారు. రాడ్డు ఉంది, ఎండ ఉంది, నీడ లేదు. 12:15కి అటు పక్క, తూర్పు వైపు, నీడ మొలిచింది.

మబ్బు మళ్లీ రాలేదు. 12:33కి తూర్పు నీడ కొలిస్తే పొద్దున 11:53 నాటి పొడవే. ఆ రెంటికీ సరిగ్గా నడిమి సమయం ఏది? నువ్వే చెప్పు. ఆ తర్వాత అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల సూర్య గణన పట్టీ తీసి మా ఊరు, తేదీ కొడితే అదీ 12:13 అంది. అది ముందే చూసి ఉంటే ఈ మజా ఉండేదా? అందుకే చూడలేదు, దాన్ని చివరికి దాచుకున్నా.

నీకెలా చెప్పాలో తెలియడం లేదురా. మన పాత లెక్కల మాస్టారు ‘మీకెందుకురా ఇవన్నీ, డెబిట్ క్రెడిట్ చూసుకోండి’ అన్నారు గుర్తుందా... పోనీలే. ఆయన బతికున్నారో లేదో కూడా.

ఇప్పుడు నీ పని. వేల ఏళ్ల క్రితం ఎరటోస్తనీస్ అనే గ్రీకాయన ఇదే చేశాడు. ఈజిప్టులో సయీన్ అనే ఊళ్లో నీడ లేని రోజున అలెగ్జాండ్రియాలో నీడ 7.2 డిగ్రీలు పడింది, గుండ్రంలో యాభయ్యో వంతు. రెండు ఊళ్ల దూరాన్ని యాభైతో గుణిస్తే భూమి చుట్టుకొలత. ఆ రోజు నాది సయీన్, నీది అలెగ్జాండ్రియా అయ్యేది, ఫోన్ ఎత్తి ఉంటే. నీడ మాయం కాకపోయినా ఫర్వాలేదు, ఇద్దరం ఒకే రోజు ఎవరి మధ్యాహ్నం నీడ వాళ్లు కొలిస్తే చాలు. నీ ఊరి అక్షాంశం 21.15 డిగ్రీలు, నాది 16.5. సెప్టెంబరు 22 ప్రాంతంలో పెట్టుకుందాం. ఇంకో తమాషా, ఆ రోజుల్లో సూర్యుడు 7 నిమిషాలు ముందుంటాడు, మనకి రేఖాంశం వల్ల 7 నిమిషాలు వెనక. రెండూ కొట్టుకుపోయి బెజవాడలో సరిగ్గా 12కే మిట్టమధ్యాహ్నం! నాకు మీటరు రాడ్డుకి దాదాపు 29.6 సెంటీమీటర్లు రావాలి, నీకు 38.7. ఈ అంకెలు చూసి నువ్వు అక్కడ కూర్చుని రాసెయ్యకు, నీ సంగతి నాకు తెలుసు, పులిహోర కేసు మర్చిపోలేదు. కొలిచి పంపు. రైలు దూరం పనికిరాదు, ఉత్తర దక్షిణాల దూరమే కావాలి, మ్యాపులో నేను తీస్తా, దాదాపు 515 కిలోమీటర్లు ఉంటుంది. గుణకారం నువ్వు చెయ్యి.

ఇంకా చాలా ఉంది. అంకెలు ఇస్తే అది ఏ వరసో చెప్పే ఓఈఐఎస్ అని ఒకటుంది, నీల్ స్లోన్ అనే ఆయన 1964లో కార్డుల మీద మొదలుపెట్టాడట. నువ్వు పందెం కాసిన 1, 2, 4, 8, 16 తర్వాత 32 కాదు, 31 కూడా రావచ్చు! వలయం మీద చుక్కలు పెట్టి గీతలన్నీ కలిపితే... అయ్యో, చిన్నది కిందనుంచి అరుస్తోంది, ట్యూషన్‌కి దింపాలి. నీ రాడ్డు నిటారుగా ఉండాలి, గుండు దారం మర్చిపోకు. నీకు మధ్యాహ్నం 12 కాదు, 12:06. ఫోన్ ఎత్తు.

నీ
చిల్లర శాస్త్రి